దాత పెట్టుబడిదారైతే నష్టం ఎవరిది?

అమెరికాలో ఒక కుటుంబం ప్రైవేటు ఫౌండేషన్ పెట్టుకుంటే, దాని ఆస్తిలో సుమారు 5 శాతం ఏటా ధర్మకార్యాలకు ఖర్చు చేయాలని అక్కడి చట్టం చెబుతుంది. మిగతా 95 శాతం ఎక్కడ పెట్టారని చాలాకాలం ఎవరూ అడగలేదు. మూలనిధి షేర్లలో, బాండ్లలో పెరుగుతుంటే వచ్చే ఏడు ఇచ్చే 5 శాతమూ పెరుగుతుంది, అంతే లెక్క. 2007 జనవరిలో లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక ఆ లెక్కను బజారున పెట్టింది. నైజీరియాలోని ఎబోచా అనే ఊళ్ళో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో పిల్లలకు టీకాలు వేస్తున్నారు. అదే ఊరి మీద ఎని అనే ఇటలీ చమురు కంపెనీ గ్యాస్ మంటలు రాత్రింబవళ్ళు పొగ కక్కుతున్నాయి. గేట్స్ ఫౌండేషన్ పెట్టుబడుల్లో ఎని షేర్లూ ఉన్నాయి. కుడిచేత్తో మందు, ఎడమచేత్తో పొగ.

ఆ వార్త వచ్చిన ఏడాదే ఇటలీలోని బెలాజియోలో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అతిథిగృహంలో జరిగిన సమావేశంలో ‘ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్’ అన్న పేరు పుట్టింది. సమాజానికి మేలు చేయాలన్న ఉద్దేశం ముందే చెప్పి, ఆ మేలును కొలుస్తామని మాటిచ్చి, పెట్టిన సొమ్ము ఎంతోకొంత లాభంతో తిరిగి రావాలని కోరుకునే పెట్టుబడి ఇది. ఈ రంగానికి లెక్కలు కట్టే గ్లోబల్ ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ నెట్‌వర్క్ 2024లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఈ డబ్బు 1.57 లక్షల కోట్ల డాలర్లు. చూడటానికి సముద్రమే. కానీ అందులో పెద్ద భాగం పెన్షన్ నిధులది, బీమా కంపెనీలది, ప్రభుత్వాల అభివృద్ధి బ్యాంకులది. కుటుంబాల సొంత డబ్బు చిన్న పాయ. అయినా దాని గురించే విడిగా మాట్లాడుకోవాలి. పెన్షన్ నిధి మేనేజరు ఎవరో ఉద్యోగి దాచుకున్న డబ్బు పోగొట్టలేడు, పోగొట్టకూడదు కూడా. కుటుంబం మాత్రం తన డబ్బు తాను పోగొట్టుకోవచ్చు. అడిగేవాడు లేడు. దాతృత్వపు పెట్టుబడికి ప్రత్యేకత అంటూ ఉంటే ఈ ఒక్కటే: మార్కెట్టు మొయ్యని నష్టాన్ని అది మొయ్యగలదు. కాబట్టి ఇలాంటి ఏ ప్రయత్నాన్ని చూసినా ఎంత లాభం వచ్చింది, ఎంతమందికి మేలు జరిగింది అన్న ప్రశ్నలకంటే ముందు, తేడా వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూడాలని నా అభిప్రాయం. ఇంపాక్ట్ నివేదికలు ఎన్ని తిరగేసినా ఈ ఒక్క వరుస కనపడదు.

పేరు కొత్తదే గానీ పని పాతది. 1864లో తండ్రి చనిపోయాక ఇంగ్లీషు రచయిత జాన్ రస్కిన్‌కు పెద్ద ఆస్తి కలిసొచ్చింది. ఆ మరుసటి ఏడాది లండన్‌లోని మారిల్‌బన్‌లో పాడుబడ్డ ఇళ్ళు మూడింటిని తీసుకుని, బాగు చేయించి పేదలకు అద్దెకివ్వమని ఆక్టేవియా హిల్ అనే యువతికి అప్పగించాడు. తన సొమ్ము మీద 5 శాతం రాబడి రావాలన్నాడు. డబ్బు మీద మమకారం కాదు; 5 శాతం గిట్టుతుందని తేలితే మిగతా ధనవంతులూ ముందుకొస్తారని ఆశ. వచ్చారు. విక్టోరియన్ లండన్‌లో ‘అయిదు శాతం దాతృత్వం’ ఒక ఉద్యమమే అయింది. హిల్ పద్ధతి చూస్తే మనకు తెలిసిన మనిషినే చూసినట్టుంటుంది. వారం వారం ఇంటికొచ్చి అద్దె వసూలు చేసే ఆడవాళ్ళు, అద్దెతో పాటు నాలుగు మంచి మాటలు, బాకీ పడితే మాత్రం దయ లేకుండా ఖాళీ చేయించడం. ఆ ఇళ్ళు బాగుపడ్డాయి, అద్దెదారులు నిలదొక్కుకున్నారు. వారం వారం అద్దె కట్టలేని కటిక పేదలు ఆ గడప తొక్కనే లేదు. రాబడి తప్పనిసరి అన్నప్పుడు లబ్ధిదారుల జాబితాలోంచి అట్టడుగు వాళ్ళు జారిపోవడం అప్పటినుంచి ఇప్పటిదాకా మారని సంగతి.

తర్వాతి వందేళ్ళ కథ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1968లో ఫోర్డ్ ఫౌండేషన్ గ్రాంట్లతో పాటు తక్కువ వడ్డీ అప్పులూ ఇవ్వడం, వాటాలూ కొనడం మొదలెట్టింది. 1969 పన్ను సంస్కరణ చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది. మార్కెట్టు రేటుకంటే తక్కువ రాబడికి సిద్ధపడి, ధర్మకార్యం కోసమే పెట్టిన పెట్టుబడిని ఆ 5 శాతం ఖర్చులోనే చూపించుకోవచ్చన్నది. ఆస్తి మొత్తాన్ని ఈ దారిలోకి మళ్ళించిన కుటుంబాలు తర్వాత వచ్చాయి. సిలికాన్ వ్యాలీలో డబ్బు సంపాదించిన చార్లీ, లీసా క్లైస్నర్ దంపతులు 2000లో పెట్టిన కేఎల్ ఫెలిసిటాస్ ఫౌండేషన్ చిన్నదే. మూలనిధి అంతటినీ ఇంపాక్ట్ పెట్టుబడుల్లోకి మార్చి ఆ లెక్కలు బయటపెట్టడంతో మిగతా కుటుంబాలకు నమూనా అయింది. చమురు డబ్బుతో పుట్టిన రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ 2014లో బొగ్గు, చమురు షేర్లనుంచి తప్పుకుంటామని ప్రకటించింది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ వింటే ఏమనేవాడో!

ఈబే స్థాపకుడు పియెర్ ఒమిడ్యార్, ఆయన భార్య పామ్ ఇంకో అడుగు వేశారు. 2004లో వాళ్ళు పెట్టిన ఒమిడ్యార్ నెట్‌వర్క్‌లో ఒక చెయ్యి ఫౌండేషన్, రెండో చెయ్యి మామూలు కంపెనీ. లాభాపేక్ష లేని సంస్థకు గ్రాంటు, లాభం తీసే సంస్థకు వాటా, రెండూ ఒకే గదిలో కూర్చుని ఇవ్వొచ్చు. 2015లో జుకర్‌బర్గ్ దంపతులు తమ దాతృత్వ సంస్థను కంపెనీగానే రిజిస్టర్ చేయించారు. సౌలభ్యం నిజమే. కానీ ఫౌండేషన్ అయితే ఏటా లెక్కలు ప్రజల ముందు పెట్టాలి; కంపెనీకి ఆ బాధ్యత లేదు. 2005లో ఒమిడ్యార్ దంపతులు తాము చదివిన టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి 10 కోట్ల డాలర్లు ఇచ్చారు, ఒక షరతు మీద: ఆ సొమ్మంతా పేద దేశాల సూక్ష్మరుణాల్లోనే పెట్టాలి. రాబడిలో సగం విశ్వవిద్యాలయానికి, సగం మళ్ళీ సూక్ష్మరుణాలకి. బోస్టన్‌లో పిల్లవాడి ఫీజు, ఎక్కడో పల్లెలో పాలు అమ్మే ఆవిడ కట్టే వడ్డీ ఒకే గొలుసులో పడ్డాయి. అప్పట్లో దీన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ గొలుసు ఎక్కడ తెగుతుందో చూపించింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే.



1990ల చివర్లో విక్రం ఆకుల మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో ఎస్‌కేఎస్ మొదలుపెట్టాడు. అదే రోజుల్లో గుంటూరులో పద్మజారెడ్డి స్పందన పుట్టింది; ఉదయకుమార్ షేర్ సంస్థ అంతకు ముందే ఉంది. అన్నిటికీ తొలి పాలు దాతల గ్రాంట్లు, చౌక అప్పులే. ఊరి ఆడవాళ్ళకు పూచీకత్తు లేకుండా అప్పిస్తే తిరిగి కడతారా అన్న భయం ఉన్న రోజుల్లో ఆ భయాన్ని మోసింది దానం. అది న్యాయమైన పనే. కడతారని రుజువయ్యాక బ్యాంకులు వచ్చాయి, ఇన్వెస్టర్లు వచ్చారు. 2005లో ఎస్‌కేఎస్ లాభాపేక్ష ఉన్న ఫైనాన్స్ కంపెనీగా మారింది. అమెరికాలోని ప్రవాస పెట్టుబడిదారు వినోద్ ఖోస్లా సొంత డబ్బు పెట్టాడు, యూనిటస్ లాంటి సామాజిక నిధులు పెట్టాయి, 2007లో సామాజిక ముసుగేమీ లేని సెకోయా అనే వెంచర్ క్యాపిటల్ సంస్థ వచ్చింది.

2006 మార్చిలోనే ఒక హెచ్చరిక వచ్చింది. కృష్ణా జిల్లాలో వసూళ్ళ ఒత్తిడి మీద గొడవలు రేగి, జిల్లా యంత్రాంగం యాభైకి పైగా సూక్ష్మరుణ శాఖలకు తాళాలు వేసింది. రాజీ కుదిరింది, తాళాలు తీశారు, అప్పులు రెట్టింపు వేగంతో పెరిగాయి. పక్కనే ప్రభుత్వం డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీకి బ్యాంకు రుణాలు ఇప్పిస్తోంది. సూక్ష్మరుణ కంపెనీలది రెండు నుంచి రెండున్నర రూపాయల వడ్డీ. ఆ తేడా ఏ ఆడపడుచుకైనా తెలుసు. అయినా కంపెనీ అప్పు తీసుకున్నారు, ఎందుకంటే అది వారం తిరక్కుండా చేతికొస్తుంది. సంఘం రుణం బ్యాంకు మేనేజరు సంతకం కోసం నెలలు ఆగుతుంది. ఒక్కో ఇంట్లో నాలుగైదు కంపెనీల పాసుపుస్తకాలు పేరుకున్నాయి, ఒక అప్పుతో ఇంకో అప్పు తీర్చారు.

2010 ఆగస్టు 16న ఎస్‌కేఎస్ షేరు మార్కెట్టులో లిస్టయింది. షేరు ధర 985 రూపాయలు, ఇష్యూకు 13 రెట్లకు పైగా దరఖాస్తులు, వసూలైంది 1,600 కోట్లకు పైగా. పేదలకు అప్పులిచ్చే కంపెనీని దలాల్ స్ట్రీట్ నెత్తిన పెట్టుకుంది. రెండు నెలలు గడవకముందే పల్లెల్లో ఆత్మహత్యల వార్తలు పదుల సంఖ్యలో వచ్చాయి, అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్ళు ఆగాయి, ఇంటి ముందు కూర్చునే పద్ధతి నేరమైంది. నూటికి తొంభైతొమ్మిది వసూలయ్యే చోట పదికి పడిపోయింది. తీరని బాకీలు 7,000 కోట్లు దాటాయి. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ వడ్డీకి 24 శాతం గరిష్ఠ పరిమితి సూచించింది, మన లెక్కలో రెండు రూపాయలు. 2012 నాటికి ఎస్‌కేఎస్ షేరు వంద రూపాయల దిగువకు జారింది. తర్వాత పేరు మార్చుకుని భారత్ ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ అయింది, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది.

నష్టం ఎవరిదని చూద్దాం. లిస్టింగుకు ముందూ, లిస్టింగులోనూ వాటాలు అమ్ముకున్నవారు లాభంతో బయటపడ్డారు. ఖోస్లా తన వాటా మీద వచ్చే సొమ్ముతో పేదలకు పనికొచ్చే కంపెనీల కోసం మరో నిధి పెడతానని 2010లో చెప్పాడు. ఆ సొమ్ము పది కోట్ల డాలర్లు దాటుతుందని పత్రికలు రాశాయి. చివర్లో షేరు కొన్న మామూలు మదుపరి మునిగాడు. బ్యాంకులు బాకీలు సర్దుబాటు చేసుకున్నాయి. అప్పు తీసుకున్నవారిలో కొందరు ఎగ్గొట్టి కుదుటపడ్డారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానపు డబ్బు మొదట్లో మోసిన ముప్పు తగ్గిపోగానే, ఆ తగ్గుదల విలువంతా వాటాదారుల ఖాతాలోకి వెళ్ళింది. ఎస్‌కేఎస్ కంపెనీగా మారేటప్పుడు రుణగ్రహీతల పేరున ట్రస్టులు పెట్టి, సంస్థలో వాళ్ళకూ భాగం ఉన్నట్టు చూపించారు. 2010లో ఆచార్యుడు ఎం.ఎస్. శ్రీరాం ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వేసిన ప్రశ్న దీని మీదే: గ్రాంట్లుగా వచ్చిన డబ్బు, సభ్యుల పేరున్న ట్రస్టులు, ప్రమోటర్ల లాభం, వీటి మధ్య గీత ఎక్కడుంది? ఈ రంగంలో ఇంతకంటే పదునైన ప్రశ్న ఇంకొకటి నాకు కనపడలేదు.

అసలు ఈ అప్పులు పేదరికాన్ని తగ్గించాయా? హైదరాబాద్ బస్తీల్లోనే దీన్ని గట్టిగా పరీక్షించారు. స్పందన కొత్త శాఖలు తెరవబోతున్న 104 బస్తీల్లో సగానికి ముందుగా అప్పులందేలా లాటరీ వేసి, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డ్యుఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి ఆ కుటుంబాలను చూశారు. 2015లో అచ్చయిన ఫలితం నిరాశగానే ఉంది. అంతకుముందే వ్యాపారం ఉన్నవాళ్ళు కొంత పెట్టుబడి పెంచుకున్నారు. సగటు ఇంటి ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ళ మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అయితే సూక్ష్మరుణం పనికిరాని సరుకు అనుకోవద్దు. ఆర్డినెన్సు దెబ్బకు కంపెనీలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు బిగించాయి. ఆ జిల్లాల్లో కూలి రేట్లూ, ఇంటి ఖర్చూ తగ్గాయని ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ 2021లో చూపించారు. అంటే డబ్బు రావడం వల్ల జీవితం మారలేదు గానీ, హఠాత్తుగా ఆగిపోవడం వల్ల మాత్రం దెబ్బ తగిలింది. ఇంపాక్ట్ పెట్టుబడి పెట్టే కుటుంబాలు ఎలా వెళ్ళాలో నేర్చుకున్నంతగా ఎలా వెనక్కి రావాలో నేర్చుకోలేదు.



పరాయి దేశపు దాతల నివేదికల్లో ‘బీదల మార్కెట్టు’ అన్న మాట తరచూ వస్తుంది. నీళ్ళు, ప్రసవం, అంబులెన్సు, దీపం, అప్పు: చౌకగా ఇస్తే పేదలు కొంటారు, కొంటే కంపెనీ నిలుస్తుంది, నిలిస్తే పెట్టుబడి తిరిగొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క తరచూ తప్పుతుంది. ఇక్కడ బీదల మార్కెట్టులో అతి పెద్ద పోటీదారు ప్రభుత్వం. అది నష్టానికి జడవదు, ఎన్నికల ఏడాది అసలు జడవదు.

మంచినీళ్ళ సంగతే తీసుకోండి. 2000ల మధ్యలో వాటర్‌హెల్త్ అనే కంపెనీ, నాంది ఫౌండేషన్ తోడుతో ఆంధ్ర పల్లెల్లో నీటి శుద్ధి కేంద్రాలు పెట్టింది. పంచాయతీ స్థలం, చెరువు నీళ్ళు ఇస్తే కంపెనీ యంత్రం పెడుతుంది, జనం క్యానుకు ఇంత అని కడతారు. న్యూయార్క్‌లో పుట్టిన దాతల నిధి అక్యుమెన్ అందులో వాటా తీసుకుంది. గోదావరి జిల్లాల్లో బైర్రాజు ఫౌండేషన్, అంటే సత్యం కంప్యూటర్స్ రాజు కుటుంబం, విరాళంతో ఇలాంటి ప్లాంట్లే పెట్టించింది. జనం కొన్నారు కూడా. చెరువు నీళ్ళకంటే క్యాను నీళ్ళు మేలని ఎవరికి తెలియదు? 2014 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల పేరుతో 20 లీటర్లు రెండు రూపాయలకే అంది. రెండేళ్ళకు తెలంగాణలో మిషన్ భగీరథ ఇంటింటికీ కుళాయి అంది. ఎంత చౌకగా ఇచ్చినా ప్రైవేటు కేంద్రం ఆ ధరకు దిగలేదు.

ప్రసవాల్లోనూ అదే కథ. హైదరాబాద్ మౌలాలిలో 2005లో మొదలైన లైఫ్‌స్ప్రింగ్ ఆసుపత్రి, ప్రభుత్వ రంగంలోని హిందుస్తాన్ లాటెక్స్, అక్యుమెన్ చెరి సగం వాటాతో 2008లో కంపెనీగా విస్తరించింది. కార్పొరేటు ఆసుపత్రి బిల్లుకు భయపడి, సర్కారు దవాఖానాలో తోపులాటకు జంకే దిగువ మధ్యతరగతి ఇల్లాలికి అది సరిగ్గా సరిపోయింది. ధరలు గోడ మీద రాసి ఉండేవి, సాధారణ కాన్పు మిగతా ప్రైవేటు ఆసుపత్రుల్లో అయ్యే ఖర్చులో సగానికి లోపే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ ప్రవేశపెట్టింది. సర్కారు దవాఖానాలో కాన్పయితే డబ్బు కట్టనక్కర్లేదు సరికదా, 12,000 రూపాయలు, ఆడపిల్ల అయితే 13,000 ఎదురిస్తామంది. చౌకకూ ఉచితానికీ ఉన్న దూరం చిన్నదేమో. ఎదురిచ్చేదానికీ చౌకకూ మధ్య దూరం కొలవడం ఏ ఇన్వెస్టరు వల్లా కాదు.

ఇంతకంటే ఆసక్తికరమైనది అంబులెన్సు కథ. ముంబైలో అక్యుమెన్ పెట్టుబడితో పెరిగిన 1298 సేవ, ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని లేనివాళ్ళకు తగ్గించే పద్ధతిలో మొదలైంది. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న రాజు కుటుంబం మొదలుపెట్టిన 108 ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. కుటుంబం తొలి పెట్టుబడీ, సాంకేతిక బలమూ ఇచ్చింది, నడిపే ఖర్చు ప్రభుత్వం తలకెత్తుకుంది. రెండింటిలో దేశమంతా అల్లుకున్నది 108. చివరికి 1298 నడిపిన కంపెనీ కూడా వేరే రాష్ట్రాల్లో ప్రభుత్వ 108 కాంట్రాక్టులే తీసుకుంది. ధర కట్టి అమ్మే నమూనా ఓడిపోయి, ప్రభుత్వం చేత కొనిపించే నమూనా గెలిచింది. ఇందులో చేదు నిజం ఇంకొకటి ఉంది. 2009 జనవరి 7న రామలింగరాజు సత్యం లెక్కల్లో మోసం చేశానని ఉత్తరం రాశాక, ఆ ఉత్తరంతో పాటే కుటుంబ దాతృత్వం మీదా నీడ పడింది. 108 మాత్రం ఆగలేదు, జీవీకే గ్రూపు చేతికి వెళ్ళి నడిచింది. ఖర్చు ఒక కుటుంబం జేబు మీద కాకుండా ఖజానా మీద ఉండటమే దాన్ని కాపాడింది.

వీటన్నిటి పక్కన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నిలబెట్టి చూడాలి. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం కోటి రూపాయలూ, హైదరాబాద్‌లో అయిదెకరాల స్థలమూ ఇస్తే, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో 1987లో అది మొదలైంది. ఇచ్చినవారు వాటా అడగలేదు, రాబడి అడగలేదు. డబ్బు కట్టగలిగే రోగుల దగ్గర తీసుకుంటూ, కట్టలేనివాళ్ళకు ఉచితంగా అదే డాక్టరు, అదే ఆపరేషన్ థియేటరు. ఆ ఆసుపత్రి విజన్ సెంటర్లు ఇప్పుడు మారుమూల పల్లెల్లోనూ ఉన్నాయి. చిత్రమేమిటంటే వ్యాపార నమూనా ఇక్కడా ఉంది; రోగి కట్టే డబ్బు మీద సంస్థ నిలబడాలన్న క్రమశిక్షణ ఉంది. లేనిదల్లా వాటా అమ్ముకుని బయటపడే దారి. అందుకని మిగిలిన ప్రతి రూపాయీ కంటి దగ్గరికే తిరిగి వెళ్ళింది. ఇంపాక్ట్ పెట్టుబడి ప్రచారకులు తమ సభల్లో ఈ ఆసుపత్రి పేరు చెప్పుకుంటారు. నిజానికి ఇది వాళ్ళ వాదానికి ఎదురు సాక్ష్యం.



మన చట్టం ఎటు నిలబడింది? ఇండియాలో ధర్మసంస్థగా పన్ను మినహాయింపు ఉన్న కుటుంబ ట్రస్టు ఇష్టమొచ్చిన కంపెనీలో వాటా కొనలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 11(5) సెక్షన్ ఒక జాబితా ఇచ్చింది: ప్రభుత్వ బాండ్లు, బ్యాంకు డిపాజిట్లు, భూములు, మ్యూచువల్ ఫండ్లు వగైరా. ఆ గీత దాటితే మినహాయింపు పోయే ప్రమాదం ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు పెట్టాలి. ఆ ఖర్చులోంచి ఏదైనా మిగిలితే మళ్ళీ సీఎస్‌ఆర్‌లోకే పోవాలి, కంపెనీ లాభంలో కలపకూడదు. ఎనిమిదో సెక్షన్ కింద పెట్టిన కంపెనీ డివిడెండు పంచకూడదు. విదేశీ పౌరులైన బంధువులు ట్రస్టుకు పంపే డబ్బుకు విదేశీ విరాళాల చట్టం అడ్డుగోడ వేరే. అంటే మన దగ్గర ఇంపాక్ట్ వాటా కొనాలనుకున్న కుటుంబం పన్ను కట్టగా మిగిలిన సొంత డబ్బుతో, లేదా సెబీ 2012 నిబంధనల కింద వచ్చిన సామాజిక ప్రభావ నిధుల ద్వారా కొనాలి.

దీన్ని అందరూ వెనకబాటుతనమంటారు. ఈ రంగం సభల్లో 11(5) మీద ఫిర్యాదు లేని పూట ఉండదు. నా ఉద్దేశం వేరు. పన్ను మినహాయింపు పొందిన డబ్బు సగం ప్రజలదే. ఆ డబ్బుతో వాటా కొని, లాభం వస్తే తన నిధిలో వేసుకుని, నష్టం వస్తే ప్రజల మినహాయింపు మీద తోసేయడం కుటుంబానికి సులువే. అమెరికా చట్టం కన్నా మన చట్టం ఈ విషయంలో కరుకుగా ఉండటం మంచిదే. మార్చాల్సింది ఆ జాబితా కాదు, అసలు నష్టపోవడానికి ఇచ్చే డబ్బు ఎవరి దగ్గరుంది అన్న ఆలోచన.

సోషల్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ ఈ అడ్డాన్ని తప్పించే ప్రయత్నమని చెప్పొచ్చు. 2019 జులై బడ్జెట్టులో నిర్మలా సీతారామన్ ప్రకటించారు. దానిలోని ప్రధాన సాధనం పేరు జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్. వడ్డీ రాదు, అసలూ రాదు. అంటే బాండు వేషం వేసుకున్న విరాళం. 2023 డిసెంబరులో ఉన్నతి ఫౌండేషన్ దీన్ని మొదట లిస్టు చేసింది. కనీస దరఖాస్తును 2023లో 2 లక్షల నుంచి 10,000కు తగ్గించాక కూడా దీనికి గిరాకీ పెద్దగా రాలేదు. తిరిగి రాని డబ్బుకు స్టాక్ మార్కెట్టు వేషమెందుకని దాతలు అనుకుంటే తప్పులేదు. దీని వల్ల ఒక మేలుంది: ఏం చేస్తామన్నారో, ఏం చేశారో కాగితం మీద పెట్టి ఆడిట్ చేయించుకోవాలి. మామూలు విరాళంలో ఈ బాధ్యత లేదు.

ఫలితాన్ని బట్టి చెల్లించే బాండ్లు ఇంకో రకం. వీటిలో నాకు బాగా నచ్చినదీ, అనుమానం రేపినదీ ఒకటే: రాజస్థాన్‌లోని భిల్వాడాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి 2018 దాకా నడిపినది. బడి మానేసిన ఆడపిల్లల్ని చేర్పించడం, చేరినవారికి చదువు రావడం లక్ష్యం. యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ 2,70,000 డాలర్లు ముందు పెట్టింది. లక్ష్యం చేరితే లండన్ హెడ్జ్ ఫండ్ అధిపతి క్రిస్ హాన్ కుటుంబం పెట్టిన చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్ లాభంతో కలిపి చెల్లిస్తుంది. బయటివాళ్ళే పరీక్షించి చూశారు. చేరికలో లక్ష్యానికి 116 శాతం, చదువులో 160 శాతం సాధించారు. యూబీఎస్ ఆప్టిమస్‌కు ఏటా 15 శాతం రాబడి దక్కింది. పిల్లలకు చదువొచ్చింది, అది చిన్న సంగతి కాదు. మూడో ఏడు వెనకబడ్డ పిల్లల దగ్గరికి సంస్థ పని పద్ధతిని మార్చుకుని వెళ్ళడానికి ఈ లెక్కలే తోడ్పడ్డాయి. కానీ చెల్లించినదీ దాతృత్వ సంస్థే, 15 శాతం అందుకున్నదీ దాతృత్వ సంస్థే. ఒక ధర్మనిధి నుంచి ఇంకో ధర్మనిధికి లాభం మళ్ళిందంటే, మధ్యలో ముప్పు ఎవరు మోశారనుకోవాలి? దీన్ని ఖరీదైన పరీక్ష అంటే సరే. పెట్టుబడి అంటే ఒప్పుకోవడం కష్టం.

కొలతల గోల మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. కంపెనీకి ఎంతమంది కస్టమర్లున్నారో లెక్కపెట్టి, వాళ్ళందరి జీవితమూ మారిందని రాసే నివేదికలు కోకొల్లలు. 2013లో పాల్ బ్రెస్ట్, కెల్లీ బోర్న్ రాసిన వ్యాసం దీన్ని ఒక్క ప్రశ్నతో తేల్చింది: నీ డబ్బు లేకపోయినా ఆ కంపెనీకి మార్కెట్టులో పెట్టుబడి దొరికేదా? దొరికేదైతే నువ్వు చేసిన మేలు శూన్యం. మార్కెట్టు రాబడికి తక్కువ ఒప్పుకోనని చెప్పే కుటుంబ నిధులు ఈ పరీక్షలో నెగ్గడం చాలా అరుదు.

2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, 2010 ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన 2011 నాటి సూక్ష్మరుణ చట్టం రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు వర్తించదని తీర్పిచ్చింది. పన్నెండేళ్ళ కింద వెళ్ళిపోయిన డబ్బుకు మళ్ళీ దారి తెరుచుకుంది. ఇంకో పక్క 2024 డిసెంబరులో ఒమిడ్యార్ నెట్‌వర్క్ ఇండియా, ఇకపై కొత్త పెట్టుబడులు పెట్టబోనని, 2025 చివరికి ఇక్కడి పని ముగిస్తానని ప్రకటించింది. వెళ్ళడం వాళ్ళ హక్కే. వాళ్ళ గ్రాంట్ల మీద బతికిన చిన్న సంస్థలు కొత్త దాతల కోసం తలుపులు తట్టాల్సి వస్తుంది. వాటాలున్న కంపెనీలు ఆ వాటా ఎవరికి అమ్ముతారో చూసుకోవాలి.

ఈ దారిలో అడుగుపెట్టాలనుకునే తెలుగు కుటుంబాలు, ఇక్కడివైనా అమెరికాలోవైనా, ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోవచ్చు. మొదటిది, ఎంత మేరకు పోయినా ఫరవాలేదో ముందే అంకెలో చెప్పడం. రెండోది, సంస్థ లాభాల్లోకి వచ్చాక దానపు వంతు పెరిగిన విలువ ఎవరికి చెందుతుందో తేల్చడం. ఎస్‌కేఎస్‌లో ఈ ఒక్క వాక్యం స్పష్టంగా ఉండి ఉంటే చాలా గొడవ తప్పేది. మూడోది, వాటా అమ్మేటప్పుడు ఆ సేవ వాడుకునేవాళ్ళ తరఫున ఎవరికో అడ్డు చెప్పే హక్కు ఇవ్వడం. మొదటి రెండూ లాయరు ఒక పూటలో రాసిపెడతాడు. మూడోదాని దగ్గర మాత్రం చాలామంది దాతలు కలం ఆపుతారు, ఎందుకంటే ఆ హక్కు అవతలివాళ్ళకు ఉన్నాక ఆ డబ్బు పూర్తిగా తమదిగా ఉండదు.